సీరం పెట్టినకొద్దీ జుట్టు పీచవుతోంది

ప్రశ్న: మేడమ్, నాకు 28 ఏళ్లు. మాది పరకాల దగ్గర ఒక ఊరు. పెళ్లయి హనుమకొండ వచ్చి రెండేళ్లయింది. ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేస్తున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో వాడకానికంతా బోరు నీళ్లే. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి జుట్టు ఎండుగడ్డిలా తయారైంది. అందుకని సీరం, కడగకుండా వదిలేసే కండిషనర్ వాడుతున్నాను. పొద్దున టైం లేనప్పుడు డ్రై షాంపూ కొట్టుకుని స్కూలుకు పోతున్నాను. ఇప్పుడేమో చివర్లు గరుకు, కుదుళ్ల దగ్గర జిడ్డు. దువ్వెనకు తెల్లగా మైనంలా అంటుతోంది. నూనె పెడితే పైపైనే ఉండిపోతోంది. తలస్నానం చేసినా చేసినట్టుండదు. అత్తమ్మ కుంకుడుకాయతో పోసుకోమంటుంది. అది ఇంకా ఎండగొడుతుందని నా భయం. వంటసోడాలో నిమ్మకాయ పిండి రాస్తే పూతంతా పోతుందని ఫోన్‌లో ఒక వీడియో చూశాను. వచ్చే నెల మా తమ్ముడి పెళ్లి, ఇంకా నాలుగు వారాలుంది. ఇంట్లో ఉన్నవాటితో ఏమన్నా చేయొచ్చా?
ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: బిడ్డా, ముందు ఆ వంటసోడా డబ్బా తీసి మళ్లీ వంటింటి అలమారలో పెట్టు. మిర్చి బజ్జీల పిండిలో చిటికెడు వేస్తే చక్కగా పొంగుతాయి. నెత్తికి మాత్రం వద్దు. ఎందుకో కింద చెప్తాను.

నీ ఉత్తరంలో రెండు మాటల దగ్గర ఆగాను. దువ్వెనకు మైనంలా అంటడం ఒకటి, నూనె పైపైనే ఉండిపోవడం రెండోది. మామూలుగా ఎండిన జుట్టు నూనెను తాగేస్తుంది. రాత్రి పెడితే తెల్లారేసరికి పెట్టామా లేదా అన్నట్టుంటుంది. నీకు అలా కావడం లేదంటే నూనెకూ వెంట్రుకకూ మధ్య ఏదో అడ్డం ఉందన్నమాట. నువ్వు రాసినవీ, బోరు నీళ్లు వదిలిపోయినవీ కలిసి రెండేళ్లుగా పూత పట్టాయి. చేతికి గరుకుగా తగిలేది చాలావరకు ఆ పూతే. గరుకుగా ఉందని నువ్వు ఇంకాస్త సీరం పెడుతున్నావు. పాత సున్నం గీకకుండా ఏటా పండక్కి దాని మీదే సున్నం కొడితే గోడ ఏమవుతుందో తెలుసు కదా, పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. నీ జుట్టు ఇప్పుడు ఆ గోడ.

కాబట్టి గీకాలి. అయితే దేనితో గీకాలన్నది అంటినదాన్ని బట్టి ఉంటుంది. నేను చాలా ఏళ్లు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినదాన్ని. జుట్టు విషయంలో నాకు తెలిసిందంతా ఒక్క ముక్కలో చెప్పమంటే ఇలా చెప్తా: జిడ్డుకు నురగ, సున్నానికి పులుపు. సీరం, కండిషనర్, డ్రై షాంపూ, చెమట, నూనె ఇవన్నీ నురగ వచ్చేదానితో పోవాలి. బోరు నీళ్ల సున్నం పులుపుతో పోవాలి. వీడియోల్లో చూపించే చిట్కాల్లో చాలావాటికి ఈ తేడా పట్టదు. అందుకే ఒకరికి పని చేసింది ఇంకొకరికి చేయదు.

మీ నీళ్ల సంగతి ముందు తేల్చుకో. మూతలున్న ఖాళీ సీసాలు రెండు తీసుకుని ఒకదాంట్లో సగం దాకా బోరు నీళ్లు, ఇంకోదాంట్లో అంతే ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లు పొయ్యి. ఒంటి సబ్బును చాకుతో చెక్కి, రెండింట్లో బఠాణీ గింజంత వేసి బాగా ఊపు. షాంపూతో చేస్తే తేడా తెలియదు, సబ్బే కావాలి. ఫిల్టర్ నీళ్లలో నురగ నిండుగా లేస్తుంది. బోరు నీళ్లలో నురగ సరిగా రాకుండా, నీళ్లు మసకబారి పైన విరిగిన పాలలాంటి తెట్టు కడితే అవి కఠిన జలాలు. అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నీళ్లలో కరగని పదార్థంగా మారుతాయి. బకెట్ అంచున తెల్లటి గీత, షవర్ రంధ్రాలు పూడుకుపోవడం, గీజర్ రాడ్డు మీద పెంకు ఇవన్నీ ఆ నీళ్ల గుర్తులే. తాగే నీళ్లకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేనిచోట 600 దాకా ఒప్పుకుంటారు. ఫిల్టర్ బిగించే అబ్బాయి చూపించే టీడీఎస్ మీటరు అంకె ఇది కాదు. అది నీళ్లలో కరిగిన మొత్తం లవణాల లెక్క.

ఈ తెట్టు సంగతి నాకు పుస్తకంలో చదవకముందే నెత్తి మీదికి వచ్చింది. చదువుకునే రోజుల్లో మా హాస్టల్లో బోరింగు నీళ్లుండేవి. ఒక ఆదివారం కుంకుడుకాయలు అయిపోతే ఒంటి సబ్బుతోనే తల రుద్దుకున్నాను. ఆరాక చూస్తే జుట్టంతా జిగురు పూసినట్టు అతుక్కుపోయింది, దువ్వెన దిగలేదు. ఏడుస్తూ కూర్చుంటే, వంటింట్లో గిన్నెలు తోమే అవ్వ చూసి, ఇత్తడి బిందెలకని నానేసిన చింతపండు నీళ్లను పల్చగా చేసి ఇంత నా నెత్తిన పోసింది. పది నిమిషాల్లో పోగు పోగు విడిపోయింది. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం ఆ తెట్టును విడగొట్టిందని తర్వాతెప్పుడో క్లాసులో అర్థమైంది. ఆ అవ్వ ఏ క్లాసుకూ పోలేదు. (నువ్వు చింతపండు పోసుకోనవసరం లేదు. పిప్పి ఇరుక్కుంటే దువ్వలేక చస్తావు.)

ఇక సీరం విషయానికి వద్దాం. ఇక్కడ మాత్రం వంటింటి గొప్పలు చెప్పను. నీ సీరం సీసా వెనక చిన్న అక్షరాల్లో డైమెథికోన్, డైమెథికోనాల్, అమోడైమెథికోన్ లాంటి పేర్లు ఉన్నాయేమో చూడు. ఇవి సిలికోన్లు. తప్పుడు సరుకేమీ కాదు, జుట్టుకు నునుపునిస్తాయి, చిక్కు పడనివ్వవు. కానీ వీటిలో ఎక్కువ నీళ్లలో కరగవు. నిమ్మకాయకు, వెనిగర్‌కు, పెరుగుకు అసలు లొంగవు. రెండేళ్ల నుంచి పేరుకున్నదాన్ని కుంకుడు కూడా ఒక్క పూటలో తీయలేదు. అందుకని మొట్టమొదటిసారి ఒక్కసారి గట్టి షాంపూ వాడు. సీసాలోంచి అవతలి వైపు కనిపించేంత తేటగా ఉండేది, సోడియం లారెత్ సల్ఫేట్ ఉన్నది తీసుకో. ముత్యంలా తెల్లగా మెరిసేవి, పేరులో సిల్క్, స్మూత్ అని ఉండేవి చాలావరకు కడుగుతూనే ఇంకోవైపు సిలికోన్ పూస్తాయి, వాటితో నీ పని కాదు. ఖరీదైనదే కొనాలని లేదు. కిరాణం కొట్టులో దొరికే చిన్న ప్యాకెట్లలో కూడా అలాంటివి ఉంటాయి.

ఆ రోజు నూనె పెట్టకు. తల బాగా తడిపి, షాంపూను మగ్గు నీళ్లలో కలిపి, ముందు మాడుకు పట్టించి వేళ్ల కొసలతో రుద్దు, గోళ్లు తగలనివ్వకు. కడిగేసి, రెండోసారి పట్టించు. మొదటిసారి నురగ సరిగా రాదు, కంగారు పడకు. జిడ్డు ఎక్కువున్నప్పుడు నురగ చస్తుంది. రెండోసారి నిండుగా వస్తే పూత వదులుతున్నట్టే. రెండోసారి మాత్రం ఆ నురగను చివర్ల దాకా తెచ్చి ఒక నిమిషం అలాగే ఉంచు. జుట్టును ముద్దగా చేసి బట్టలు పిండినట్టు రుద్దకు. డ్రై షాంపూలో సాధారణంగా పిండి పదార్థమే ఉంటుంది కాబట్టి అది కూడా ఈ దెబ్బకే పోతుంది.

తర్వాత సున్నం పని. లీటరు నీళ్లలో రెండు టేబుల్ స్పూన్ల వెనిగర్ కలుపు. ఆ లీటరు ఫిల్టర్ నీళ్లయితే మంచిది, బోరు నీళ్లయితే పులుపులో కొంత అక్కడే ఖర్చయిపోతుంది. యాపిల్ సైడర్ వెనిగర్ అయినా, చైనీస్ వంటకని కొనే తెల్ల వెనిగర్ అయినా పని ఒకటే, సీసా మీద ఆమ్లం 4, 5 శాతం అని ఉంటే చాలు. కెమికల్ షాపుల్లో అమ్మే చిక్కటి ఎసిటిక్ యాసిడ్‌ను మాత్రం ముట్టుకోకు, చర్మం కాలిపోతుంది. కలిపిన నీళ్లను తల వెనక్కి వంచి జుట్టు పొడవునా పోసుకుని, రెండు మూడు నిమిషాలు ఆగి కడిగెయ్. మాడు మీద పుండ్లు, గీతలు ఉంటే మంట పుడుతుంది, అప్పుడు పోసుకోవద్దు. వాసన ఆరాక పోతుంది. పులుపు సున్నాన్ని కరిగించడమే కాదు, వెంట్రుక మీద పెంకులను కూడా అణుస్తుంది. వెంట్రుక పైపొర మన పాత గూన ఇళ్ల కప్పులాంటిది, పెంకు మీద పెంకు కుదురు నుంచి కొస వైపుకు వాలి ఉంటుంది. పెంకులు అణిగి ఉంటే చేయి జారుతుంది, మెరుస్తుంది. లేస్తే ఒకదానికొకటి తట్టుకుని చిక్కు పడుతుంది.

వంటసోడా వద్దన్నది ఇందుకే. అది క్షారం. దాని పీహెచ్ 8 దాటి ఉంటుంది. జుట్టుకు కాస్త పులుపు వైపు ఉంటేనే హాయి. క్షారం తగిలితే వెంట్రుక ఉబ్బి పెంకులు లేస్తాయి, సోడా పలుకులు వాటిని గీరుతాయి. అసలే ఎండిన చివర్లకు అది కావాలా? ఇక సోడాలో నిమ్మకాయ పిండితే బుసబుసా పొంగుతుంది, ఏదో గట్టి పని జరుగుతున్నట్టు అనిపిస్తుంది. జరిగేదల్లా రెండూ ఒకదాన్నొకటి చంపుకోవడమే. సోడా క్షారం పోయె, నిమ్మకాయ పులుపు పోయె, గాలి బుడగలు లేచె, మిగిలింది ఉప్పు నీళ్లు. నిమ్మరసాన్ని ఊరికే రాసుకుని ఎండలోకి పోయినా ప్రమాదమే, కొందరికి నుదురు, మెడ మీద చర్మం కాలినట్టు నల్లటి మచ్చలు పడతాయి.

ఇప్పుడు మీ అత్తమ్మ కుంకుడుకాయ. ఆమె మాటా నిజమే, నీ భయమూ నిజమే. కుంకుడు తొక్కలో ఉండే సాపోనిన్లు నురగనిస్తాయి. అది మనం కొనే సబ్బులాంటిది కాదు, బోరు నీళ్లలో తెట్టు కట్టదు. మన నాయనమ్మలు ఉప్పు బావుల నీళ్లతో కూడా మోకాళ్ల దాకా జడ పెంచారంటే ఇది కూడా ఒక కారణం. కానీ చిక్కగా తీసి, జుట్టంతా మెత్తి, నురగ ఆరేదాకా కూర్చుంటే ఏ జుట్టయినా ఎండుతుంది. షాంపూ వేసిన వారం తర్వాత నుంచి ఇలా మొదలుపెట్టు. భుజాలు దాటిన జుట్టుకు ఏడెనిమిది కాయలు చాలు, నడుం దాకా ఉంటే పది పన్నెండు. కాయలు కొట్టి గింజలు తీసేసి, తొక్కల్ని రాత్రి రెండు గ్లాసుల వేడినీళ్లలో నానెయ్. పొద్దున చేత్తో పిసికి, పాత నూలు బట్టలో వడగట్టు. ఇంకో రెండు చెంబుల నీళ్లు కలిపితే పల్చగా టీ రంగుకు వస్తుంది, అంతే ఉండాలి. రసం మాడుకే పట్టించు. కిందికి జారే నురగతోనే పొడవు శుభ్రపడుతుంది. కళ్లలో పడితే ప్రాణం పోయినంత మంట, చిన్నప్పుడు అనుభవించే ఉంటావు, తల వెనక్కి వంచే పోసుకో. పొడి ప్యాకెట్లు తెచ్చుకోవద్దు. ఆ నలుసు వడగట్టకుండా వాడితే పూతకు తోడు పొట్టు చేరుతుంది. పొద్దున స్కూలుకు ఉరికే రోజుల్లో ఇది కుదరదని నాకు తెలుసు, ఆదివారానికి పెట్టుకో.

కుంకుడుకు గంట ముందు కొబ్బరి నూనె రెండు స్పూన్లు గోరువెచ్చగా చేసి, చెవుల నుంచి కిందికి రాయి. కుదుళ్లకు అక్కర్లేదు. 2003లో మన దేశపు పరిశోధకులు కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూస్తే, జుట్టులోంచి ప్రోటీన్ పోకుండా బాగా కాపాడింది కొబ్బరి నూనె ఒక్కటే. అది లోపలికి దిగుతుంది, మినరల్ ఆయిల్ పైనే ఉంటుంది. జిడ్డు లేదని చెప్పి అమ్మే తేలికపాటి నూనెల సీసా మీద లిక్విడ్ పారాఫిన్ అని ఉంటే అది మినరల్ ఆయిలే. షాంపూ తర్వాత నూనె లోపలికి ఇంకుతోందా లేదా చూసుకో. ఇంకితే పూత పోయిందని లెక్క. ఇంకకపోతే రెండు వారాలు ఆగి ఆ గట్టి షాంపూ ఇంకొక్కసారి.

ఇంటి చిట్కాల పేరుతో పూత పెంచేవి కూడా చాలా ఉన్నాయి. కోడిగుడ్డు, గంజి, అరటిపండు, అవిసె గింజల జిగురు ఇవేవీ పూతను తీయవు, ఇవి పూసేవి. ఈ నాలుగు వారాలూ వాటిని పక్కన పెట్టు. గుడ్డు రాసి వేడినీళ్లు పోసుకుని, జుట్టులో ఉడికిన గుడ్డు తునకలు ఏరుకున్నవాళ్లను చూశాను. ముల్తానీ మట్టి జిడ్డును పీలుస్తుంది కానీ నీలాంటి చివర్లను ఇంకా ఎండగొడుతుంది. మందారాకు వేరు. గుప్పెడు ఆకులు నలిపి నీళ్లలో పిసికితే జిగురులాంటి నురగ వస్తుంది, వడగట్టి కుంకుడు తర్వాత చివర్లకు పట్టించి కడిగితే చిక్కు సులువుగా వస్తుంది. దానితో పూత పోతుందని మాత్రం అనుకోకు.

నీళ్లు మారకపోతే సున్నం మళ్లీ వస్తుంది. మన ట్రైసిటీకి, అంటే వరంగల్, హనుమకొండ, కాజీపేటలకు, నల్లా నీళ్లు ధర్మసాగర్, వడ్డేపల్లి లాంటి చెరువుల నుంచి వస్తాయి, చెరువు నీళ్లు సాధారణంగా బోరు నీళ్లంత కఠినంగా ఉండవు. మీ బిల్డింగులో నల్లా కనెక్షన్ ఉంటే ఒక బకెట్ పట్టి తలకు దాచుకో. లేదంటే చివరి రెండు చెంబులైనా ఫిల్టర్ నీళ్లు పొయ్యి. అదీ కాకపోతే బోరు నీళ్లను తెర్లేదాకా కాచి, చల్లార్చి, అడుగున తెల్లటి మడ్డి దిగాక పై నీళ్లు వంచుకో. కఠినత్వంలో కొంత భాగం కాచితే పోతుంది. కట్టెల పొయ్యి మీది కాగుకు లోపల పెంకు కట్టేది ఇందుకే, ఆ సున్నం మన నెత్తికి బదులు కాగుకు అంటేది. ఒక తప్పు మాత్రం చేయకు. ఫిల్టర్ నుంచి వృథాగా పోయే నీళ్లను చాలామంది బకెట్లో పట్టి స్నానానికి వాడుతున్నారు. ఫిల్టర్ వడగట్టిన లవణాలన్నీ పోయేది అందులోకే, అవి బోరు నీళ్లకంటే కఠినం. బాత్రూం కడగడానికి వాడు, తలకు వద్దు.

దువ్వెన సంగతి ఎవరూ చెప్పరు. నెత్తి కడిగి పాత దువ్వెనతో దువ్వితే ఆ మైనమంతా మళ్లీ జుట్టుకే. వేడినీళ్లలో షాంపూ వేసి గంటసేపు నానేసి, పాత బ్రష్షుతో తోము. దిండు గలీబు కూడా అదే రోజు మార్చు.

ఇక నాలుగు వారాల లెక్క. ఈ ఆదివారం షాంపూ, వెనిగర్. ఆ తర్వాతి ఆదివారాలు నూనె, కుంకుడు, చివర్లో వెనిగర్ నీళ్లు. మధ్యలో ఒకసారి మామూలు షాంపూ, చివర్లకు కడిగేసే కండిషనర్ వేసుకోవచ్చు. సీరం, డ్రై షాంపూ ఈ నెల బంద్. పూత పోయాక కూడా చివర్లు గరుకుగానే ఉంటే అవి నిజంగా చెడినవి, ఒక అంగుళం కత్తిరించుకో. చీలిన కొసను అతికే మందు ఏ వంటింట్లోనూ లేదు, ఏ షాపులోనూ లేదు. రంగు వేసుకుని ఉన్నా, పార్లర్లో స్ట్రెయిటెనింగ్, కెరటిన్ చేయించుకుని ఉన్నా గట్టి షాంపూకు ముందు వాళ్లను అడుగు, ఆ పని కూడా దాంతోపాటే పోవచ్చు.

మాడు ఎర్రబడి దురద పెడుతున్నా, పసుపు రంగు జిడ్డు పొట్టు రాలుతున్నా, గుండ్రంగా జుట్టు ఊడుతున్నా ఇది పూత బాపతు కాదు. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆస్పత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది, అక్కడో, మీకు తెలిసిన చర్మ డాక్టరు దగ్గరో చూపించుకో. దాని మీద వెనిగర్లూ కుంకుళ్లూ పొయ్యకు.

పెళ్లికి ముందు రోజు ఏ కొత్త ప్రయోగమూ చేయకు. పెళ్లి రోజు సీరం పెట్టుకుంటే తప్పేమీ లేదు, రెండు చుక్కలు అరచేతిలో రుద్ది చెవుల కింది భాగానికే రాసుకో. జడ వేసేవాళ్లు ఎలాగూ స్ప్రే దట్టంగా కొడతారు. ఇంటికొచ్చాక పిన్నులు తీసి, ఆ గట్టిపడ్డ జుట్టును పొడిగా దువ్వకు. కాస్త కొబ్బరి నూనె రాసి, వేళ్లతో విడదీసి, అలాగే పడుకుని పొద్దున కడుక్కో.